ఓన్లీ ఎక్కడ: క్రియకు ముందా, పదబంధానికి ముందా?

విశాఖలో ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవారిని తికమకపెట్టే ఇంగ్లిష్ వాక్యాల జంట ఇది: "ద బస్ ఓన్లీ స్టాప్స్ ఎట్ మద్దిలపాలెం, నాట్ ఎట్ గాజువాక", "ద బస్ స్టాప్స్ ఓన్లీ ఎట్ మద్దిలపాలెం, నాట్ ఎట్ గాజువాక". వ్యాకరణరీత్యా రెండూ సరైనవే.

శ్రమ: మొదటిది నోటికి సులువు. రెండోదానికి, దేనిని దేనితో పోలుస్తున్నామో ముందే తేల్చుకోవాలి.

ప్రమాదం: మాట్లాడేటప్పుడు మద్దిలపాలెం పేరును ఒత్తి పలికితే ఓన్లీ దేనికి వర్తిస్తుందో వినేవారికి తెలిసిపోతుంది, కాగితం మీద ఆ ఒత్తు ఉండదు కనుక, "నాట్ ఎట్ గాజువాక" అన్న తోక తెగిపోయిందంటే, బస్సు అక్కడ ఆగడమే తప్ప అక్కడి నుంచి బయలుదేరదన్న అర్థం కూడా మొదటి వాక్యంలో దూరవచ్చు. రెండోదానిలో ఆ సందు లేదు.

"మద్దిలపాలెంలో మాత్రమే" అనే అలవాటుకొద్దీ మనవాళ్లు "ఎట్ మద్దిలపాలెం ఓన్లీ" అనడమూ ఉంది. తప్పనలేం, నోటీసు బోర్డుల మీద అది చక్కగా అమరుతుంది కూడా.

పొంతన: కబుర్లకు, ఫోను సంభాషణలకు మొదటిది చాలు. దరఖాస్తులోనో ఒప్పందపత్రంలోనో, ముఖ్యంగా రెండు చోట్ల మధ్యో రెండు తేదీల మధ్యో తేడా చెప్పవలసినప్పుడు, రెండోదే వాడాలి. "నాట్ ఓన్లీ, బట్ ఆల్సో" జంటకూ అదే స్థానం నప్పుతుంది.