37/4తో కొన్నేళ్లు: సౌండ్ ఉన్న ఓఓ గేజ్ డీజిల్ ఇంజన్ వాడాక

ముందే చెప్పేస్తాను, క్లాస్ 37/4 అనే బ్రిటిష్ డీజిల్‌కి నమూనాగా చేసిన ఈ బొమ్మ ఇంజన్ కొనుక్కోవచ్చు. బాక్సు మీద గొప్పగా అచ్చేసుకున్న వాటి కోసం మాత్రం కాదు. కొత్తలో కళ్లు ఎటూ వివరాల మీదికే పోతాయి: జాలీ వెనక తిరిగే ఫ్యాన్, డ్రైవర్ ముందున్న మీటర్లు, తలుపు పక్కన సన్నటి కడ్డీలు. కొన్నేళ్లు నడిపాక వాటిని ఎవరూ పట్టించుకోరు. మెల్లగా, తడబడకుండా, పాయింట్ల మీద, అంటే పట్టాలు చీలే చోట్ల, ఆగిపోకుండా పోతోందా లేదా అన్నదే మిగులుతుంది. నేను మార్కులు వేసేది దానికే.

బొమ్మ కన్నా ముందు అసలు ఇంజన్ సంగతి. బ్రిటిష్ రైల్ కోసం ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ 1960-65 మధ్య క్లాస్ 37 ఇంజన్లను 309 చేసిచ్చింది. 1750 హార్స్ పవర్, ఆరు ఇరుసులు, రెండు కొసలా ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. ఎక్కువ భాగం న్యూటన్-లె-విల్లోస్‌లోని వల్కన్ ఫౌండ్రీలో తయారయ్యాయి. 1853లో బొంబాయి నుంచి ఠాణేకి మన మొదటి ప్యాసింజర్ రైలును లాగిన ఇంజన్లు పుట్టిందీ అక్కడే. 1985-86లో 31 ఇంజన్లకు, పెట్టెలను కరెంటుతో వెచ్చబెట్టే ఏర్పాటు చేశారు. అవే 37/4లు. అంతకుముందు ఫోర్ట్ విలియం స్లీపర్ రైలుకి చలికాలంలో చిత్రమైన ఏర్పాటు ఉండేది. ముందు 37 లాగుతుంటే, దాని వెనక పెట్టెలకు వేడి అందించడానికే ఇంకో పాత ఇంజన్‌ని తగిలించేవారు. మూడు క్లాస్ 25 ఇంజన్లను ఇందుకోసమే మార్చి ‘ఎథెల్’ అని పిలిచారు. 37/4లు రావడంతో ఆ పాత ఇంజన్ల అవసరం పోయింది.

నా లేఅవుట్‌లో, అంటే బల్ల మీద పరిచిన బొమ్మ రైలు మార్గంలో, నడిచేది 1980ల చివర. గ్లాస్గో నుంచి కొండల్లోంచి ఫోర్ట్ విలియం, మల్లేగ్ దాకా పోయే వెస్ట్ హైలాండ్ సింగిల్ లైన్ అది. ఊరు మాత్రం కల్పితం. ఒక ప్లాట్‌ఫామ్, ఎదురొచ్చే రైలు ఆగడానికి ఒక లూప్, కలప ఎక్కించే సైడింగ్ ఒకటి. ఫోర్ట్ విలియం అల్యూమినియం ఫ్యాక్టరీకి అల్యూమినా మోసే ట్యాంకు వ్యాగన్లు రోజూ వస్తాయి. ఇంజన్ పక్కన ఈస్ట్‌ఫీల్డ్ షెడ్ గుర్తు, చిన్న టెర్రియర్ కుక్క బొమ్మ. ఆ కుక్కని చూసే కొన్నానని ఇంట్లో అందరికీ తెలుసు.

ఓఓ అంటే అడుగుకి 4 మిల్లీమీటర్లు, అంటే 1:76. 61 అడుగుల 6 అంగుళాల ఇంజన్ బల్ల మీద 246 మిల్లీమీటర్లు ఉంటుంది. పక్క నుంచి చూస్తే వంక పెట్టడానికి లేదు. ఎదురుగా వంగి చూస్తేనే తేడా. ఈ స్కేల్లో పట్టాల మధ్య 18.83 మిల్లీమీటర్లు ఉండాలి, ఉండేది 16.5. పూర్వం మోటార్లు పెద్దవి, బ్రిటిష్ ఇంజన్లేమో సన్నవి. మోటారు పట్టడానికి పైభాగాన్ని పెద్దది చేసి, పట్టాలను మాత్రం హెచ్‌ఓ అనే ఇంకా చిన్న స్కేల్ కొలతలోనే వదిలేశారు. ఆ రాజీ ఇప్పటికీ మనల్ని వదల్లేదు. తలనొప్పి భరించగలవాళ్లు పట్టాల వెడల్పు అసలుకి దగ్గరగా ఉండే ఈఎం, పీ4 కొలతలకు పోతారు. నేను పోలేదు, పోను కూడా.

ఇక నడక. స్టేషన్లో షంటింగ్ గంటకు 5 మైళ్లు అనుకుంటే ఈ స్కేల్లో సెకనుకి 3 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. 30 మైళ్ల వేగంతో పోయే ప్యాసింజర్ కూడా సెకనుకి 18 సెంటీమీటర్లు దాటదు. స్కేలు బద్ద పెట్టి చూడండి, మనం రోజూ నడిపేది ఇంతకు ఎన్నో రెట్లు వేగం. ఈ ఇంజన్ ఆ 3 సెంటీమీటర్ల నడకని శ్రమ లేకుండా నడుస్తుంది. అర కిలో దాటిన బరువు, మధ్యలో మోటారు, దానికి రెండు పక్కలా ఫ్లైవీళ్లు అనే బరువైన చక్రాలు, ఆరు ఇరుసులకూ పళ్ల చక్రాలు, వీటన్నిటి వల్లే అది. డీసీసీలో, అంటే పట్టాల ద్వారానే ఇంజన్‌కి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతిలో, సీవీ 3, సీవీ 4 అనే సెట్టింగుల విలువలు బాగా పెంచాను. ఒకటి ఎంత నిదానంగా వేగం అందుకోవాలో, రెండోది ఎంత నిదానంగా ఆగాలో చెబుతుంది. కంట్రోలర్ సున్నాకి తిప్పినా రైలు ఇంకా దొర్లుతూనే ఉంటుంది, బ్రేక్ బటన్ నొక్కితేనే ఆగుతుంది. వెనక అరడజను ట్యాంకులు బరువుగా ఉన్నాయన్న భ్రమ చేతికి తెలుస్తుంది. ఒక్క ఈ సుఖానికే పెట్టిన డబ్బు గిట్టుబాటయింది.

అయితే ఈ నడకంతా చక్రాల శుభ్రత మీద ఆధారపడి ఉంది. పన్నెండు చక్రాల నుంచీ కరెంటు తీసుకున్నా, నల్లటి జిగురు పేరుకుంటే లైట్లు మిణుక్కుమంటాయి, సౌండ్ మధ్యలో తెగి మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవుతుంది. నేను చేసేది ఇది. కిచెన్ టవల్ ముక్కని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి పట్టాల మీద అడ్డంగా పరుస్తాను. ఇంజన్ ఒక కొస చక్రాలు కాగితం మీద, రెండో కొసవి పట్టాల మీద. చేత్తో ఆపి పట్టుకుని కరెంటు ఇస్తే కాగితం మీది చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, రెండు నల్లటి చారలు వదులుతాయి. చార పడనంత వరకూ కాగితం జరుపుతూ ఉండాలి, తర్వాత ఇంజన్ తిప్పి రెండో కొస. పట్టాలకు గరుకు కాగితం వద్దు, ఆ గీతల్లోనే మురికి తిష్ఠ వేస్తుంది. వ్యాగన్ల ప్లాస్టిక్ చక్రాలు తీసేసి ఇనుపవి వేశాక మురికి సగానికి పైగా తగ్గింది.

పట్టాలు పీకో కంపెనీవి, కోడ్ 75 రకం. ప్రతి ముక్కకీ కింద నుంచి విడిగా వైరు టంకం వేశాను, పట్టాల ముక్కల్ని కలిపే ఫిష్‌ప్లేట్లను నమ్ముకుంటే ఏడాది తిరక్కుండా కరెంటు ఎక్కడో ఒకచోట పోతుంది. పాయింట్ల ఫ్రాగ్‌లో, అంటే రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే మూలలో, కరెంటు ఉండేలా చూసుకోండి. 37 లాంటి పొడుగు ఇంజన్ ప్లాస్టిక్ ఫ్రాగ్‌నైనా దాటేస్తుంది. ఆరే చక్రాలున్న క్లాస్ 08 షంటర్ మాత్రం సరిగ్గా దాని మీదే మొండికేస్తుంది.

వివరాల సంగతికొస్తే, డబ్బాతో పాటు చిన్న కవర్లో బ్రేక్ గొట్టాలు, మంచు తోసే నాగళ్లు ఇస్తారు. అన్నీ తగిలిస్తే ఇంజన్ అద్భుతంగా ఉంటుంది. కానీ కప్లింగ్ వంపుల్లో అటూ ఇటూ కదలడానికి చోటు ఉండదు. అందుకే చాలామంది లాగానే నేనూ ఒక కొస అలంకారానికి, రెండో కొస పనికి వదిలాను. ఇంజన్‌ని ఎప్పుడూ ఒకే దిక్కుకి నిలబెట్టే లేఅవుట్ అయితే ఇబ్బంది లేదు. వైపర్లు, మెట్లు ఊడుతూనే ఉంటాయి. బిగించిపట్టకుండా, ఇంధన ట్యాంకు దగ్గర కింద నుంచి ఎత్తడం అలవాటు చేసుకోవాలి.

సౌండ్. కాజీపేట డీజిల్ షెడ్ వైపు పెరిగి, ఆల్కో ఇంజన్ల దబదబ విన్న చెవికి ఇది వేరే లోకం. అడుగున గురగురమనే గొంతు, పైన టర్బో సన్నటి ఈల. అభిమానులు దీన్ని ట్రాక్టర్ అని ఊరికే అనరు. మొదటి వారం ఇల్లంతా వినిపించేలా పెట్టాను. ఇప్పుడు మూడో వంతు మీదే ఉంటుంది. చిన్న గదిలో పూర్తి సౌండ్‌తో అరగంట నడిపితే చిన్నోడు తలుపు తీసి “నాన్నా, దాన్ని కాసేపు స్టేషన్లో ఆపుకో” అంటాడు. తగ్గించి వింటే ఇంకా బాగుంది నిజానికి, దూరంగా కొండ మలుపులో వస్తున్నట్టు ఉంటుంది.

నాకు కోపం తెప్పించింది ఒక్కటే. వారంటీ ముగిశాక ఒక కొస హెడ్‌లైట్ పోయింది. చిన్న సర్క్యూట్ బోర్డు మారిస్తే చాలు. అమ్మినవాళ్లని అడిగితే విడిగా దొరకదన్నారు, తయారీదారుకి రాస్తే స్టాక్ లేదన్నారు. 200 పౌండ్లు దాటే వస్తువుకి గోరంత బోర్డు దొరక్కపోవడం అన్యాయం. చివరికి ఎల్‌ఈడీ కొని, రెసిస్టర్ పెట్టి నేనే అతికించాను. కొనేముందు ఏ స్పేర్లు విడిగా అమ్ముతున్నారో ఒకసారి చూసుకోండి.

రంగు గురించి ఒక్క మాట. కొత్త ఇంజన్ మెరుపు చూసి మురిసిపోకండి, ఆ మెరుపే దాన్ని బొమ్మ అని పట్టిస్తుంది. పైకప్పు మీద పొగ గొట్టం చుట్టూ కాస్త మసి, కింద భాగానికి బ్రేకుల తుప్పు రంగు దుమ్ము పూస్తే చాలు.

ఎవరికి పనికొస్తుంది? అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లకి సౌండ్ లేనిది చాలు, దానికి 21 పిన్నుల సాకెట్ ఉంటే తర్వాత ఎప్పుడైనా డీకోడర్ (డీసీసీ ఆదేశాలు అందుకునే చిప్) వేసుకోవచ్చు. నడిపేవాళ్లు సౌండ్ కన్నా ముందు స్టే అలైవ్ ఉందో లేదో అడగండి. ఆ చిన్న కెపాసిటర్ ఉంటే మురికి మచ్చ మీద కూడా ఇంజన్ ఆగదు. ఇండియాకి తెప్పించుకునేవాళ్లు కస్టమ్స్ సుంకం లెక్కేసుకోండి. వైజాగ్, కాకినాడ వైపు అయితే ఉప్పు గాలికి పట్టాలు ఇంకా తరచుగా తుడవాల్సి వస్తుంది. తర్వాత నేను తీసుకున్న రెండో 37కి సౌండ్ లేదు. పాత బ్రిటిష్ రైల్ నీలం రంగుది. సైడింగ్‌లో కలప వ్యాగన్లు అటూ ఇటూ తోసే పని ఇప్పుడు ఎక్కువగా అదే చేస్తోంది.