దిండు మంచిదే, ముందు నా మెడే ఒప్పుకోలేదు

రాత్రి 2 గంటలకి గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్ని, దగ్గుతో లేచి కూర్చునేవాళ్లకి ఏటవాలు దిండు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నేనూ అలా కూర్చునే వెతికి కొన్నాను. నాకు లూపస్, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్లతో సహా సొంత ఒంటి మీద దాడిచేసే జబ్బు, వచ్చి 9 ఏళ్లు. గుండెల్లో మంటతో పాటు కీళ్ల నొప్పులు కూడా ఉన్నవాళ్లు కొనేముందు ఇది చదవండి.

వస్తువేమో ఒక ఫోమ్ దిమ్మ, పక్కనుంచి చూస్తే త్రికోణం. కింద గట్టి ఫోమ్, పైన 2 అంగుళాల మెత్తటి పొర, జిప్పున్న కవరు. ఎంత ఎత్తయితే అంత మేలనుకుని మొదట 12 అంగుళాలది తెప్పించాను. మూడో రోజుకే మెడ పట్టేసింది. పొద్దున లేచేసరికి నా వేళ్లూ భుజాలూ ఎలాగూ బిగుసుకుపోయి ఉంటాయి, దానికి ఇదొకటి తోడు. పైగా అది పొట్టిది. వీపు సగం దాకానే వచ్చి, నడుము దగ్గర ఒళ్లు మడతపడి పొట్ట నొక్కుకుపోయేది. పొట్ట నొక్కుకుంటే యాసిడ్ ఇంకా పైకే తన్నుతుంది. దాన్ని వెనక్కిచ్చి 7 అంగుళాల ఎత్తులో, నడుము దాకా వచ్చే పొడవాటిది తీసుకున్నాను. ఈ రివ్యూ రెండో దాని గురించే.

రెండు వారాల్లో తేడా తెలిసింది. వారంలో నాలుగైదు రాత్రులు లేచేదాన్ని, ఇప్పుడు ఒకటి, ఒక్కోసారి అదీ లేదు. మామూలు దిండ్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే తల మాత్రమే వంగుతుంది, దీనిమీద ఛాతీ మొత్తం పైకి లేస్తుంది. తిన్నాక 2, 3 గంటలు పడుకోకపోవడం, ఎడమవైపు తిరిగి పడుకోవడం మాత్రం మానకూడదు. ఎడమ తుంటి నొప్పి పెట్టిన రోజు కుడివైపు తిరుగుతాను, ఆ రాత్రి మంట వచ్చి తీరుతుంది.

అనుకోని లాభం ఇంకోటి. పడుకునే ముందు లూపస్‌కి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర వేసుకుని, వెంటనే యాంటాసిడ్ సిరప్ తాగేసేదాన్ని. యాంటాసిడ్ ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వదని, రెండింటికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలని మందుల షాపతను చెప్పేదాకా నాకు తెలీదు. ఇప్పుడు సిరప్ అవసరమే తగ్గింది కాబట్టి ఆ లెక్కల టెన్షన్ లేదు.

ఇక ఇది చేయలేనిది. ముద్ద మింగితే ఛాతీ మధ్యలో ఆగినట్టుండేది, అది దిండుతో ఇసుమంతైనా తగ్గలేదు. లూపస్‌లో అన్నవాహిక కండరాల కదలిక మందగించవచ్చని, నోరు ఎండిపోయినా మింగుడు కష్టమవుతుందని డాక్టరు చెప్పారు. ఎండోస్కోపీ చేస్తే కడుపులో పుండు కూడా బయటపడింది. స్టెరాయిడ్‌తో పాటు నొప్పి మాత్రలు నా ఇష్టానికి వేసుకున్న ఫలితం అది. ఆ మాత్రలు ఆపించి వేరే మందు రాశారు. అట్టపెట్టె మీద ‘అన్ని రకాల కడుపు బాధలకూ’ అని అచ్చేసినవాళ్లకి నా ఎండోస్కోపీ ఫోటో పంపాలనిపించింది.

ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి వచ్చినా, నల్లటి విరేచనమైనా దిండుకి ఆనుకుని చూద్దాంలే అనుకోకండి. లూపస్‌లో పేగుల రక్తనాళాలు కూడా వాచే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ వాడేవాళ్లకి నొప్పి, జ్వరం పూర్తిగా పైకి తెలియకపోవచ్చు కూడా. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చిరాకులు లేకపోలేదు. మొదటి మూడు రోజులు ఫోమ్ వాసన. తెల్లారేసరికి కిందికి జారిపోతాను, మోకాళ్ల కింద చిన్న దిండు పెట్టాక అది కాస్త తగ్గింది. ఊరెళ్తే మోసుకెళ్లలేం. అన్నిటికన్నా విసుగు తెప్పించింది జిప్పు. దాని కొస గోరంత ఉంది, వాచిన వేళ్లకి దొరకదు. దారంతో ఉంగరంలా కట్టుకుని, అందులో వేలు దూర్చి లాగుతున్నాను.

ఐదుకి మూడున్నర ఇస్తాను. మళ్లీ కొనాల్సొస్తే ఇదే ఎత్తు, ఇదే పొడవు. కవరు మాత్రం గలీబులా తొడిగేదయితేనే.