నింజా వి మానిటర్: వైజాగ్ ఎండలో హెచ్‌డీఆర్ ఎంతవరకు నమ్మొచ్చు

హెచ్‌డీఆర్ (మెరుపుల్లోనూ నీడల్లోనూ వివరం నిలిచే వీడియో) కోసం లాగ్‌లో (తర్వాత కలర్ దిద్దుకునేలా పాలిపోయినట్టు రికార్డు చేసే పద్ధతి) తీస్తున్నప్పుడు కెమెరా వెనకున్న చిన్న స్క్రీన్ చూసి ఎక్స్‌పోజర్ పెట్టకండి. అందులో బొమ్మ పాలిపోయి ఉంటుంది, ఆకాశంలో వివరం మిగిలిందో కాలిపోయిందో తెలీదు, పైగా పక్కన నిలబడ్డ ప్రొడ్యూసర్ "ఏటి బాబూ, కలర్ రాలేదా" అని మనకి టెన్షన్ పెడతాడు. కెమెరాకి తగిలించుకునే మానిటర్-రికార్డర్ అటామస్ నింజా వి ఈ గొడవని చాలావరకు తీరుస్తుంది. 2018లో వచ్చిన మోడల్, ఇప్పటికి పాతదే. 5 అంగుళాల స్క్రీన్, 1000 నిట్స్ (స్క్రీన్ వెలుగుకి కొలత) వెలుగు, ప్రోరెస్‌లో (ఎడిటింగ్‌కి వాడే వీడియో ఫార్మాట్) రికార్డింగ్ కూడా ఉంది.

సెట్టింగ్ కష్టమేం కాదు. సోనీ అయితే ఎస్-లాగ్3 (సోనీ వాళ్ల లాగ్) పెట్టి హెచ్‌డీఎంఐ ఇచ్చి, కెమెరా కంపెనీ, గామా (వెలుగుని రికార్డు చేసే తీరు), గామట్ (రంగుల పరిధి) ఏమిటో మానిటర్‌కి చెబితే పీక్యూ, హెచ్‌ఎల్‌జీ అనే హెచ్‌డీఆర్ పద్ధతుల్లో ఏదో ఒకదాంట్లో చూపిస్తుంది. అది చూడ్డం వరకే, రికార్డయ్యేది లాగ్ ఫుటేజే. కెమెరా నుంచి లట్ (రంగులు మార్చే రెడీమేడ్ పట్టిక) వేసిన సిగ్నల్ పంపి, ఇక్కడ మళ్లీ హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే మాత్రం రంగులు ఎటూ కాకుండా పోతాయి.

దీని అసలు పస తెలియాలంటే తెల్లారకముందు ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లండి. చుట్టూ చీకటి, ఎల్‌ఈడీ లైట్ల కింద ఐసు, తడి చేపల మీద మెరుపులు, వెనక మరపడవల నీడలు. మామూలు మోడ్‌లో ఆ మెరుపులన్నీ ఒకే తెల్ల మచ్చ. హెచ్‌డీఆర్‌లో ఏ మెరుపు నిలిచింది, ఏది పోయింది అన్నది అక్కడికక్కడే కనబడుతుంది, లైటు కాస్త పక్కకి జరిపించుకోవచ్చు. పెళ్లిళ్లు తీసేవాళ్లకీ ఇదే ఉపయోగం: పట్టుచీర జరీ, హోమం మంట. హెచ్‌డీఆర్ అంటే ఫ్రేమంతా వెలిగించేయడం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, కానీ అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన బీటీ.2408 సూచన ప్రకారం మామూలు తెలుపు ఉండాల్సింది 203 నిట్స్ దగ్గర, దాని పైనున్న చోటంతా ఈ మెరుపుల కోసం.

ఇక మధ్యాహ్నం రుషికొండ. ఇసుక తెలుపు, సముద్రం మీద ఎండ, ఆ వెలుగులో 1000 నిట్స్ ఏ మూలకి? హుడ్ (స్క్రీన్ మీద ఎండ పడకుండా పెట్టే గొడుగు లాంటిది) తప్పనిసరి, హుడ్ ఉన్నా కళ్లతో చూసి కాంట్రాస్ట్ తేల్చొద్దు. హెచ్‌డీఆర్ బొమ్మని అంచనా వేయడానికి ఐటీయూదే బీటీ.2100 ప్రమాణం చెప్పే పరిసర వెలుగు 5 నిట్స్, అంటే దాదాపు చీకటి గది. బీచ్‌లో అదెక్కడ దొరుకుతుంది! అక్కడ నేను హెచ్‌డీఆర్ వ్యూ ఆపేసి, లాగ్ సిగ్నల్ మీదే వేవ్‌ఫాం (ఫ్రేములో ఎక్కడ ఎంత వెలుగుందో చూపే గ్రాఫ్) పెట్టుకుంటాను. ఎస్-లాగ్3లో 18 శాతం గ్రే కార్డు 41 శాతం దగ్గర, తెల్ల కార్డు 61 దగ్గర కూర్చుంటాయి. పైన మబ్బుల భాగం రూళ్లకర్రతో గీసినట్టు చదునుగా అయిందంటే అక్కడ వివరం పోయినట్టే, ఎంత మంచి కలరిస్టు అయినా తిరిగి తేలేడు.

చిన్న చిరాకులు కొన్ని ఉన్నాయి. లోపల ఫ్యాన్ ఉంది కాబట్టి నిశ్శబ్దంగా ఉండే సీన్లలో మైక్ దూరంగా పెట్టుకోవాలి. ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ విడిగా కొనాలి, బ్యాటరీ కొంటే ఎన్‌పీ-ఎఫ్970 సైజే కొనండి, చిన్నవి ఇట్టే దిగిపోతాయి. కెమెరాకి మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే కేబుల్ క్లాంప్ లేకుండా బయల్దేరొద్దు. ఉప్పుగాలికి స్క్రీన్ మీద జిడ్డులా పేరుకుంటుంది, పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు బ్లోయర్ కొట్టండి.

ఇండోర్, రాత్రి షూట్లు ఎక్కువైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. మీ పనంతా బీచ్ రోడ్డు, భీమిలి, యారాడ పగటి ఎండలోనే అయితే అదే కంపెనీ షినోబి 7 చూడండి, 2200 నిట్స్ ఇస్తుంది. కాకపోతే అందులో రికార్డింగ్ లేదు.