ప్రత్యేక బడా, మా వీధి అంగన్‌వాడీయా?

మా చెల్లెలి కొడుక్కి నాలుగేళ్లు. మాట ఇంకా రాలేదు. వాణ్ని ఎక్కడికి పంపాలన్నదే ప్రశ్న. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థలో ప్రత్యేక బడి ఉంది; అక్కడ శిక్షణ పొందిన టీచర్లు, థెరపిస్టులు ఉంటారు. ఆ నేర్పు అంగన్‌వాడీలో దొరకదు, ఒప్పుకోవాల్సిందే. కానీ మా అంబర్‌పేట నుంచి పోయిరావడమే ఒక పూట పని.

అంగన్‌వాడీలో మొదటివారం వాణ్ని మూలన కూర్చోబెట్టారు. నా కడుపు తరుక్కుపోయింది. మేం బొమ్మల కార్డులు చేసిచ్చాం. ఓరోజు పక్కింటి పాప వాడి వేలు పట్టుకుని గ్లాసు బొమ్మ మీద పెట్టి, "నీళ్లా?" అంది. తలూపాడు. ఇప్పుడు పిల్లలంతా ఆ కార్డులతోనే వాడితో మాట్లాడతారు. మారింది వాడు కాదు, ఆ గది!

2016 వికలాంగుల హక్కుల చట్టం ఉచిత చదువు హక్కును 6 నుంచి 18 ఏళ్లకే రాసింది. అంతకుముందు వయసు సంగతేంటి? నా ఓటు అంగన్‌వాడీకే. థెరపీకి వారంలో రెండు రోజులు తీసుకెళ్తున్నాం.