లామార్ లోయలో కయోటీ ఫోటోలు: ఎక్కడ ఆగాలి, ఎక్కడ బస చేయాలి

అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కుకి మనవాళ్ళు ఎక్కువగా వేసవిలో వెళ్ళి, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ చూసుకుని వచ్చేస్తారు. నక్క, తోడేళ్ళ జాతికి చెందిన కయోటీని దగ్గరగా ఫోటో తీయాలని ఉంటే వెళ్ళాల్సింది చలికాలంలో, అదీ పార్కు ఉత్తరం వైపుకి. పార్కు ఉత్తర ద్వారం దగ్గరున్న గార్డినర్ ఊరి నుంచి మామత్, టవర్ అనే చోట్ల మీదుగా కుక్ సిటీ దాకా వెళ్ళే రోడ్డు ఏడాది పొడవునా మామూలు కార్లకు తెరిచే ఉంటుంది. మామత్ నుంచి టవర్‌కి 18 మైళ్ళు, టవర్ నుంచి ఈశాన్య ద్వారానికి 29 మైళ్ళు. ఈ రెండో ముక్కలోనే లామార్ లోయ ఉంది. మంచు లోతుగా పేరుకున్నాక అందులో నడవడం కయోటీకి చాలా శ్రమ. అందుకే మంచు తీసేసిన రోడ్డునే అదీ పట్టుకుంటుంది. రోడ్డు పక్కన ఆపిన కారును ఆనుకుని నడిచిపోవడం అక్కడ వింతేమీ కాదు.

మన ఊళ్ళ నక్కకీ తోడేలుకీ నడుమ పరిమాణం అనుకుంటే కయోటీ కళ్ళకు కడుతుంది. బరువు 11 నుంచి 16 కిలోలు, సన్నని మూతి, ఒంటికి మించిన పెద్ద చెవులు, నేలవైపు దించిన తోక. తోడేలు దానికి దాదాపు మూడింతలు బరువుంటుంది, మూతి మొద్దుగా ఉంటుంది. ఒంటరిగా కనిపిస్తే ఈ తేడా తేలిగ్గా తెలియదు. చెవులూ మూతీ చూసి తేల్చుకోవాలి, ఎందుకంటే పార్కు నియమం రెంటికీ వేరు. తోడేళ్ళు, ఎలుగుబంట్లు, కూగర్ల (కొండ సింహాల) నుంచి 100 గజాలు, కయోటీతో సహా మిగతా జంతువుల నుంచి 25 గజాలు దూరం ఉండాలి. అది మనవైపు వస్తే వెనక్కి తగ్గాల్సింది మనమే. పిలుపు శబ్దాలు చేయడం, రాత్రి లైటు వేసి వెతకడం, డ్రోను ఎగరేయడం నిషేధం.

కాబట్టి ఇది జంతువు దగ్గరికి వెళ్ళి తీసే ఫోటో కాదు, దారి కాసి తీసే ఫోటో. కయోటీ రోడ్డు వెంట ఒకే వేగంతో పోతుంటే దాని వెనకే కారు నడపకండి. తోక, వీపు తప్ప ఏమీ దొరకవు, పైగా అది రోడ్డు దిగి లోతు మంచులో పడాల్సి వస్తుంది. నెమ్మదిగా దాటేసి, అర మైలు ముందున్న పుల్ అవుట్‌లో (రోడ్డు పక్కన కార్లు ఆపుకునే చోట) తెల్లగీత దాటి, రోడ్డుకి పూర్తిగా బయట ఆపి, ఇంజను ఆర్పేయండి. కారులోంచి దిగొద్దు. అది ఆగి మిమ్మల్నే తేరిపార చూసినా, చెవులు వెనక్కి వాల్చినా, దారి మార్చినా మీ వల్ల ఇబ్బంది పడుతోందని అర్థం. కెమెరా దించి కదలకుండా ఉండాలి. ఇది పట్టించుకోనివాళ్ళ వల్లే ఆ జంతువు రోజంతా దిక్కులు మార్చుకుంటూ తిరుగుతుంది. ఆ చలిలో ప్రతి అడుగూ దానికి ఖర్చే.

లెన్సు లెక్క సులువు. 25 గజాల దూరంలో ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకి 400 ఎంఎం లెన్సు పెడితే ఫ్రేము వెడల్పు దాదాపు 2 మీటర్లు వస్తుంది. జంతువు చక్కగా పడుతుంది, చుట్టూ చోటూ మిగులుతుంది. క్రాప్ (చిన్న) సెన్సర్ మీద 500 పెడితే అదే దూరంలో వెడల్పు 1.1 మీటర్లే, తోక కోసుకుపోతుంది. అందుకే ఇక్కడ జూమ్ లేని ప్రైమ్ లెన్సు కంటే 100-400 లేదా 150-600 జూమే మేలు. కారు పక్కకి వచ్చేసిందా, ఇంకో చిక్కు. 10 మీటర్ల దూరంలో 400 ఎంఎం, ఎఫ్ 5.6 (లెన్సు రంధ్రం కొలత) దగ్గర స్పష్టంగా ఉండే లోతు ఒక జానెడు. ముక్కు మీద ఫోకస్ పడితే కళ్ళు మసకబారతాయి. ఎఫ్ 8కి వెళ్ళి, ఫోకస్ బిందువును కంటి మీదే ఉంచండి. లెన్సు మీదున్న ఫోకస్ లిమిటర్ స్విచ్ దూరానికి తిప్పి ఉంటే, దగ్గరికొచ్చిన జంతువు మీద ఫోకస్ అసలు పట్టదు. లెన్సు చెడిపోయిందనుకుని కంగారుపడే లోపు అది వెళ్ళిపోతుంది. పొద్దున బయల్దేరేటప్పుడే ఆ స్విచ్ చూసుకోండి.

అసలైన ఫోటో మంచులో ఎలుకల వేట. కయోటీ నడుస్తూ నడుస్తూ టక్కున ఆగుతుంది. రెండు చెవులూ ముందుకి తిప్పి, తల ఒకసారి ఇటు, ఒకసారి అటు వాల్చి మంచు కింది అలికిడి వింటుంది. వెనక కాళ్ళు దగ్గరికి లాక్కుందంటే ఎగరబోతోందని అర్థం. మూతి ముందుగా మంచులోకి దిగబడుతుంది. షట్టర్ సెకనులో 1/2000వ వంతు ఉండాలి. నడకకైతే 1/500 చాలు. ఎగిరేది పైకి కనుక ఫ్రేములో పైన సగం ఖాళీ వదలండి, బిగించి తీస్తే తల పోతుంది. అది వేటాడేది చెవులతో. కారు తలుపు చప్పుడు, మాటలు, షట్టర్ టకటకలు ఆ వేటను చెడగొడతాయి. నిశ్శబ్ద షట్టర్ వాడండి. కాకపోతే సెన్సర్ బొమ్మను నెమ్మదిగా చదివేదైతే ఎగిరే కాళ్ళు వంకరగా వస్తాయని గుర్తుంచుకోండి.

ఫోటోలన్నీ స్పష్టత లేకుండా వస్తే లెన్సును తిట్టే ముందు కారు హీటర్ ఆపండి. లోపలి వేడిగాలి తెరిచిన కిటికీలోంచి బయటికి పోతూ లెన్సు ముందే అలలు కడుతుంది. ఆగగానే హీటర్ ఆపేసి, కిటికీ దించి, లోపల చల్లబడనివ్వాలి. కిటికీ అంచున లెన్సు ఆనించడానికి బీన్ బ్యాగ్ (గింజలు నింపిన సంచి) ఉంటే ట్రైపాడ్ అక్కర్లేదు. ఖాళీ సంచి విమానంలో తెచ్చుకుని, విమానం దిగే బోజ్‌మన్ ఊళ్ళో రెండు కిలోల బియ్యం కొని నింపితే సరి, తిరుగు ప్రయాణానికి ముందు వండుకోవచ్చు కూడా. అంతా మంచే ఉంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాపు పెంచండి (అంటే వెలుగు రెట్టింపు చేయండి), లేకపోతే మంచు బూడిద రంగుకి దిగుతుంది. లోయలో ఎక్కువ భాగం రోడ్డుకి దక్షిణాన ఉంది, కనుక మధ్యాహ్నం నది వైపు చూస్తే ఎదురు వెలుగే. పొద్దునా సాయంత్రమూ పక్క వెలుగు దొరుకుతుంది. మైనస్ 20 సెల్సియస్ అక్కడ మామూలే. అదనపు బ్యాటరీలు లోపలి జేబులో ఉంచుకోవాలి. గదికి చేరేముందే కెమెరాను సంచిలో పెట్టి జిప్ వేసి, గంటా రెండు గంటలు తెరవకండి. తెరిస్తే అద్దాల మీద నీరు పడుతుంది.

బసకి మూడు చోట్లున్నాయి. గార్డినర్‌లో మోటళ్ళు, పెట్రోలు, కిరాణా ఉన్నాయి, కానీ లోయ మధ్యకి గంట పైనే ప్రయాణం. తెల్లవారేసరికి అక్కడుండాలంటే చీకట్లోనే లేవాలి. మామత్ హోటల్ పార్కు లోపలే ఉంది. చలికాలంలో డిసెంబరు మధ్య నుంచి మార్చి మొదటి రోజుల దాకానే తెరుస్తారు, తేదీలు ఏటా చూసుకోవాలి. ఫోటోలే ముఖ్యమైతే సిల్వర్ గేట్, కుక్ సిటీలే సరైనవి, లోయ తూర్పు కొసకి దాదాపు అరగంటే ప్రయాణం. వంటగది ఉన్న క్యాబిన్లు దొరుకుతాయి. శాకాహారులు బోజ్‌మన్ నుంచే సరుకులు తెచ్చుకోవడం మంచిది, చలికాలంలో ఆ ఊళ్ళలో భోజనశాలలు కొద్దే. ఒక ఇబ్బంది, చలికాలంలో కుక్ సిటీ దాటాక రోడ్డు మూసేస్తారు. తిరిగి రావాల్సింది గార్డినర్ మీదుగానే. గార్డినర్‌లో ట్యాంకు నింపుకోండి, లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు.

అద్దె కారుకి ఆల్ వీల్ డ్రైవ్ అంటే సరిపోదు, టైర్లు మంచువేనా అని విడిగా అడగాలి. గైడును పెట్టుకుంటే పార్కు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. చలికాలంలో గైడులు ఎక్కువగా తోడేళ్ళ కోసం టెలిస్కోపు పెట్టుకుని కూర్చుంటారు. కయోటీ కావాలని, కారులోంచి తీస్తామని ముందే చెప్పకపోతే రోజంతా మైలు దూరంలోని చుక్కల్ని చూస్తూ గడుస్తుంది. ప్రవేశ రుసుము కారుకి ఏడు రోజులకి 35 డాలర్లు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలుంటే పార్కు వెబ్‌సైటులో విదేశీ సందర్శకుల రుసుము చూసుకోండి.

బే ఏరియా వాళ్ళకి ఇంత దూరం అక్కర్లేదనిపిస్తే సముద్రతీరంలో పాయింట్ రేయెస్ పార్కు ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గంటన్నర, ప్రవేశ రుసుము లేదు, గడ్డి మైదానాల్లో కయోటీలు పగలే తిరుగుతాయి. మంచు ఉండదు, పొగమంచు ఉంటుంది. యోసెమిటీ లోయ మైదానాలూ చలికాలంలో బాగుంటాయి. డెత్ వ్యాలీలో మాత్రం రోడ్డు మీద కారుకి ఎదురొచ్చి నిలబడే కయోటీ కనిపిస్తే కెమెరా తీయకండి. అది తిండికి అలవాటు పడింది. ఆగిన ప్రతి కారూ ఆ అలవాటును గట్టి చేస్తుంది, చివరికి అది చక్రాల కింద పడుతుంది. కిటికీ ఎత్తి, మెల్లగా దాటి వెళ్ళండి.