గోధుమ లేని చిరుతిళ్లు: విజయనగరంలో నా అనుభవం

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ నాకు పడదని, ఇది సీలియాక్ వ్యాధి అని వైద్యులు తేల్చినప్పటి నుంచి, విజయనగరం చుట్టుపక్కల దొరికే చిరుతిళ్లలోనే నాకు పనికొచ్చేవి ఏరుకుంటున్నాను. అన్నం తినే ప్రాంతం కనుక భోజనానికి ఇబ్బంది లేదు. చిక్కంతా సాయంత్రం పూటా, రైలు ప్రయాణాల్లోనూ వస్తుంది.

ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారీ ఇబ్బంది పెట్టనిది పలాస జీడిపప్పు. మసాలా పట్టించిన రకాలకు ఏ పిండి పూస్తారో తెలియదు కనుక పచ్చిపప్పు తెచ్చి ఇంట్లోనే వేయించుకుంటాను. గుండుకూ బద్దకూ రుచిలో తేడా లేదు, ధరలోనే ఉంది. కాబట్టి బద్దే కొంటాను. భీమాలి మామిడి తాండ్ర కూడా నిశ్చింతగా తినదగినదే, ఎందుకంటే అది మామిడి రసాన్ని తీపి కలిపి, పొరమీద పొరగా చాపలపై ఎండబెట్టి చేసినది. అయితే తీపి ఎక్కువ, వానాకాలంలో కాగితానికి అంటుకుపోతుంది. చలికాలంలో తేగలుంటే నాకు మరేమీ అక్కర్లేదు.

జంతికలు, చెక్కల సంగతి అంత తేలిక కాదు. బియ్యప్పిండితో చేశామని చెప్పినా కొన్ని దుకాణాల్లో మైదా కలుపుతారు, సమోసాలు వేగిన నూనెలోనే వీటినీ వేయిస్తారు. ఇంగువ మరీ మోసకారి: డబ్బాల్లో వచ్చే, పిండి కలిపి చేసిన ఇంగువలో చాలావరకు గోధుమపిండో మైదాయో ఉంటుంది, బియ్యప్పిండితో చేసినదాన్ని వెతికి కొనాలి. ఇంట్లో చేసుకుందామన్నా పిండిమర దగ్గర మరో గండం ఉంది. మన బియ్యానికి ముందు గోధుమలు ఆడి ఉంటే రాతిలోనూ గొట్టంలోనూ మిగిలిన ఆ పిండి మొదట మన డబ్బాలోనే పడుతుంది. అందుకే బియ్యం, చోళ్లు (రాగులు) రెండూ ఇంట్లోనే మిక్సీలో ఆడించుకుంటున్నాను. పిండి కాస్త బరకగా వచ్చినా చోడిపిండి, బెల్లం, నెయ్యి కలిపి కట్టిన ఉండలకు ఆ బరకే బాగుంటుంది.

పొట్లాల సరుకులో, గ్లూటెన్ రహితమని ముద్రించాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఆ ముద్ర ఉన్న బిస్కెట్లు బాగానే ఉంటాయి కానీ మామూలు వాటికంటే చాలా ఖరీదు. రొట్టె మాత్రం ముక్క తీయబోతే పొడిపొడి అవుతుంది, దానికి పెట్టిన డబ్బు దండగని నా అభిప్రాయం. పేరులో రాగి ఉన్న బిస్కెట్లన్నీ మనకు పనికొచ్చేవి కావు. దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు కనుక పొట్లం వెనక చదివితే చాలావాటిలో మైదాయో గోధుమపిండో మొదట కనిపిస్తుంది.

బజారులో మురీ మిక్చర్ తినాలనిపిస్తే కారప్పూస, బూందీ వద్దని చెప్పి మరమరాలు, పల్లీలు, ఉల్లిపాయ, నిమ్మరసంతో కలిపించుకుంటాను. రైల్లో ఇడ్లీ కొన్నా సాంబారు తీసుకోను, అందులో ఏ ఇంగువ పడిందో అమ్మే అబ్బాయికి కూడా తెలియదు.