ఏడు రోజుల క్యాంపా, వారం వారం పనా?

కాలేజీ విద్యార్థుల జాతీయ సేవా పథకం ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండూ ఉన్నాయి: దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం, ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ల రెగ్యులర్ పని.

నెల్లూరు దగ్గరి మైపాడు సముద్ర తీరంలో చెత్త ఏరాలంటే క్యాంపే మేలు, అందరూ ఒక్కసారే దిగుతారు. గోనెసంచులు, గ్లౌజులు గుర్తుంటాయి గానీ చెత్త ఎత్తుకెళ్లే ట్రాక్టరు సంగతి పంచాయతీతో ముందే మాట్లాడరు. మూటలు అక్కడే పడుంటే కుక్కలు చింపేస్తాయి, పని మళ్లీ మొదటికే. ఇసుకలో పూడిన వల ముక్కను గుంజితే తెగుతుంది. చుట్టూ చేత్తో తోడి తీయాలి. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెడతాయి, పారలు అసలొద్దు.

బడి పిల్లలకు చదువు చెప్పడానికి మాత్రం క్యాంపు దండగే. వారానికి రెండు సాయంత్రాలు అదే అన్న, అదే అక్క రావాలి. సెమిస్టర్ పరీక్షలప్పుడు ఇది ఆగిపోతుంది కాబట్టి సీనియర్, జూనియర్‌ను జతగా వేయండి.